చివరి పది అడుగులు: పిల్లల బృందాలతో జీపీఎస్ నిధి వేట ఎలా నడిపించాలి

గమ్యం వచ్చేసిందని ఫోను చెబుతుంది. పిల్లలు ఆగి చుట్టూ చూస్తారు. అక్కడ దాచిన పెట్టె కనిపించదు. ఒకరు తెర మీదినుంచి చూపు తిప్పకుండా రెండడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కు వేస్తుంటారు. బాణం గుర్తు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతూనే ఉంటుంది. ఇంతలో మరొకరు తలెత్తి, "ఆ చెట్టు కొమ్మల మధ్య ఎవరో ఏదో పెట్టినట్టు లేదూ?" అంటారు. అందరూ అటు పరుగెత్తుతారు.

నిధి వేట నిజంగా మొదలయ్యేది అక్కడే. జీపీఎస్ పిల్లలను పది అడుగుల దూరం దాకా తీసుకువెళ్లి వదిలేస్తుంది. ఆ పైన పనిచేయవలసింది వాళ్ల కళ్లు, వాళ్ల మాటలు, వాళ్ల ఓపిక. కార్యక్రమం బాగా జరగాలంటే మీ శ్రమలో పెద్ద భాగం ఆ చివరి పది అడుగుల మీదే పెట్టండి. కింద చెప్పే ప్రతి పనీ దానికోసమే.

ముందు ఈ ఆట పుట్టుక గురించి పిల్లలకు రెండు మాటలు చెప్పండి, చెవులు రిక్కించి వింటారు. జీపీఎస్ అమెరికా సైన్యం నిర్మించుకున్న వ్యవస్థ. సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. దానివల్ల పరికరం చూపే చోటుకు, అసలు చోటుకు మధ్య 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ కల్తీని ఆపేశారు. మర్నాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక నల్ల బక్కెట్టు దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో నుంచి ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి. ఆ నెల ముగిసేలోపే ఈ ఆటకు జియోకేచింగ్ అనే పేరు పుట్టింది. ఆ మొదటి బక్కెట్టును కొంతమేర భూమిలో పాతారు, అందులో ఒక ఆహారపు డబ్బా కూడా ఉంది. ఇప్పుడు ఆహారం పెట్టనివ్వరు, స్థల యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా పాతనివ్వరు. ఎందుకో పెట్టెల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మొదటి పని: చోటు, అనుమతి

వాహనాలు తిరిగే దారి అడ్డురాని చోటును ఎంచుకోండి. పిల్లలు తెర చూస్తూ నడుస్తారు. ఎంత చెప్పినా చూస్తూనే నడుస్తారు. కాబట్టి మార్గంలో రోడ్డు, రైలు పట్టాలు, గట్టు లేని బావి, లోతు తెలియని నీళ్లు, నిటారుగా దిగే అంచు ఏదున్నా ఆ మార్గం మానేయండి. జాగ్రత్తగా దాటిద్దామని అనుకోవద్దు. మంచి చోటుకు మరో లక్షణం, హద్దులు కంటికి కనిపించడం. "ఈ వైపు కంచె, ఆ వైపు కాలువ, అటు ఎర్ర గోడ, వీటిని దాటకూడదు" అని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

స్థలం ఎవరిదో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఉద్యానవనమైనా, అటవీ భూమి అయినా, తెలిసినవారి తోట అయినా ఇదే పద్ధతి. ఏ తేదీన, ఏ వేళకు, ఎంతమంది వస్తారో, పెట్టెలు ఎక్కడెక్కడ ఉంటాయో, ఎప్పుడు తీసేస్తారో అందులో రాయండి. కాపలా సిబ్బందికి కూడా విడిగా చెప్పండి. పొదలో దాచిన మూతపెట్టిన డబ్బా తెలియనివారికి అనుమానాస్పద వస్తువులా కనిపిస్తుంది. ఇలాంటి పెట్టెలను చూసి బాంబు నిర్వీర్య దళాలను పిలిపించిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అందుకే పారదర్శకమైన డబ్బాలు వాడి, మీద "ఇది పిల్లల ఆట పెట్టె" అని, బృందం పేరు, నిర్వాహకుల ఫోను నంబరు రాయండి. రైల్వే స్టేషన్లు, వంతెనలు, విద్యుత్ కేంద్రాల దగ్గర అసలు దాచవద్దు.

పెట్టెలు పెట్టడానికి అనుమతి దొరకకపోతే నిరాశపడనవసరం లేదు. పెట్టె లేకుండానే ఆట నడుస్తుంది. ఆ చోటులో ఉన్నదాన్ని చూసి సమాధానం చెప్పడమే మజిలీ అవుతుంది. రాతి పొరలను, కొండల రూపాన్ని గమనించి జవాబివ్వాల్సిన ఎర్త్‌కేచ్ అనే పద్ధతి జియోకేచింగ్‌లో 2004 నుంచి ఉంది. అక్కడ దొరికేది జ్ఞానం మాత్రమే. పిల్లలు దాన్నీ అంతే ఉత్సాహంగా వెతుకుతారు.

రెండో పని: చోటును కొలవడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. నేనూ ఒకప్పుడు పడ్డాను. దట్టమైన చెట్ల కింద ఒక్కసారి ఫోను చూసి, కనిపించిన అంకెలు రాసుకుని వచ్చేశాను. మర్నాడు పదకొండేళ్ల పిల్లలు నలభై నిమిషాలు తప్పు పొదల్లో వెతికారు. వాళ్ల ముఖాల్లో ఉత్సాహం తగ్గిపోతుంటే చూడటం ఏ నిర్వాహకుడికీ ఎదురుకాకూడదు.

తప్పు ఎందుకు వస్తుందో తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ "నేనిక్కడ ఉన్నాను, నా గడియారంలో సమయం ఇంత" అని ఎడతెగకుండా చాటుతుంటుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి మన పరికరం దూరం లెక్కగడుతుంది. సంకేతం కాంతి వేగంతో వస్తుంది కనుక గడియారంలో సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల తప్పు పడుతుంది. ఉపగ్రహాల్లో ఉన్నవి అణు గడియారాలు, మన చేతిలో ఉన్నది సాధారణ గడియారం. ఆ తేడాను సరిచేసుకోవడానికే మూడు చాలక నాలుగో ఉపగ్రహం కావాలి. ఇంత సున్నితమైన లెక్క మధ్యలో తడి ఆకులు అడ్డొస్తాయి, గోడకో కొండరాయికో తగిలి సంకేతం చుట్టుదారిలో వస్తుంది. విశాలమైన ఆకాశం కింద మంచి ఫోను సాధారణంగా 5 మీటర్ల లోపు తేడాతో చూపుతుంది. చెట్ల కింద, గోడల పక్కన అది రెండింతలు, మూడింతలు కావచ్చు.

కాబట్టి ఇలా చేయండి. పరికరాన్ని దాచబోయే చోట కదలకుండా పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. అంకెలు నిలకడపడ్డాక రాసుకోండి. యాభై అడుగులు దూరం వెళ్లి, మరో దిక్కు నుంచి తిరిగి వచ్చి మళ్లీ రాయండి. వీలైతే మరో రోజు, మరో వేళలో మూడోసారి కొలవండి. ఉపగ్రహాల అమరిక గంటగంటకూ మారుతుంది కనుక వేరే వేళ కొలత నిజంగా కొత్త కొలతే. మూడింటి సగటు తీసుకోండి. చేతి జీపీఎస్ పరికరాల్లో చాలావాటిలో సగటు తీసే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడండి. ఆఖరి పరీక్ష మాత్రం మనిషే చేయాలి. ఆ చోటు చూడని సహచరుడికి అంకెలు మాత్రమే ఇచ్చి, వేరే ఫోనుతో పంపండి. ఆయన పెట్టె కనుక్కుని వస్తే మీ కొలత నిలిచినట్టే.

అంకెలు రాసే పద్ధతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్షాంశ రేఖాంశాలను మూడు రకాలుగా రాస్తారు: డిగ్రీల దశాంశాలుగా, డిగ్రీలు-నిమిషాల దశాంశాలుగా, డిగ్రీలు-నిమిషాలు-సెకన్లుగా. మీరు ఒకటి రాసి, పిల్లల ఫోను ఇంకొకటి అనుకుంటే జట్టంతా వేరే చోటుకు పోతుంది. 30.50 నిమిషాలను 30 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కిస్తే, ఉత్తర దక్షిణాలలో 600 మీటర్లకు పైగా తేడా వస్తుంది. జియోకేచింగ్‌లో అలవాటుగా వాడేది నిమిషాల దశాంశ పద్ధతి, దశాంశం తర్వాత మూడు అంకెలు. అక్షాంశంలో ఆ మూడో అంకె విలువ సుమారు 1.85 మీటర్లు, అంటే పరికరం చూపగల సూక్ష్మతకు చక్కగా సరిపోతుంది. రేఖాంశంలో మాత్రం ఆ దూరం భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. అన్ని ఫోన్లనూ ముందురోజే ఒకే పద్ధతికి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే కొలత ప్రమాణానికి మార్చి పెట్టండి.

మూడో పని: వేటను అల్లడం

ఒక పెట్టె తర్వాత మరొకటి వెతికించుకుంటూ పోతే రెండో పెట్టెకే పిల్లలకు పరుగు పందెంలా అనిపిస్తుంది. ముందు వెళ్లే జట్టును చూసి వెనక జట్లు అనుసరిస్తాయి, వెతికే పనే ఉండదు. దీనికి నాకు బాగా పనికివచ్చిన అల్లిక ఇది.

ఆరు మజిలీలు, ఒక నిధి పెట్టుకోండి. ఆరింటి చోట్లూ మొదట్లోనే ప్రతి జట్టుకూ ఇవ్వండి. ఒక్కో జట్టు ఒక్కో మజిలీ నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతుంది. ప్రతి మజిలీలో ఒక అంకె దొరుకుతుంది. నిధి ఉన్న చోటు అక్షాంశంలో చివరి మూడు అంకెలు, రేఖాంశంలో చివరి మూడు అంకెలు ఖాళీగా ఉంచిన కాగితం వాళ్ల చేతిలో ఉంటుంది. ఆరు మజిలీలూ పూర్తయితే ఆరు ఖాళీలూ నిండుతాయి. ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా నిధికి చేరేది అందరూ ఆరూ ముగించాకే కనుక, ఒకరినొకరు వెంబడించడం వల్ల లాభముండదు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దానికి విరుగుడూ ఉంది. మూడంకెల్లో చివరిది ఒకటి తప్పితే రెండు మీటర్ల తేడా కూడా రాదు, ఎవరూ గమనించరు. మొదటిది ఒకటి తప్పితే అక్షాంశంలో 185 మీటర్లు పక్కకు పోతారు, ఐదు తప్పితే హద్దులు దాటి దాదాపు కిలోమీటరు అవతలికి. అందుకే ఆరంకెల మొత్తాన్ని కాగితం కింద రాసి ఇవ్వండి. నిధి అంకెలు 417, 062 అయితే మొత్తం 20 కావాలి. కాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే, ఎక్కడ జరిగిందో వాళ్లే మాట్లాడుకుని పట్టుకుంటారు. రెండంకెలు తారుమారైనా మొత్తం మారదు కనుక, నిధివైపు బయల్దేరే ముందు జట్టుతో ఉన్న పెద్దవారు తమ దగ్గరున్న సరైన సంఖ్యతో ఒకసారి పోల్చి చూడాలి.

అంకె ఎలా దొరకాలి అన్నది మీ ఊహకు వదిలిపెడతాను, కానీ అది చుట్టూ చూస్తేనే దొరకాలి. పెట్టెలో అంకె రాసిపెట్టడం తేలిక. "ఈ పెట్టె నుంచి కనిపించే రాతి మెట్లు ఎన్ని?", "పక్కనున్న తీగ పువ్వుకు రేకులెన్ని?" అని అడగడం ఎంతో మేలు. పువ్వులు రాలిపోతాయి, ఫలకాలు మారిపోతాయి కనుక ఆ రోజు ఉదయమే అన్నీ మళ్లీ చూసుకోండి. ఒకసారి నేను బల్లల లెక్క అడిగాను. ఆ ముందురోజు సాయంత్రమే ఎవరో ఒక బల్లను పక్కకు జరిపారు.

మజిలీల మధ్య కనీసం 100 మీటర్లు ఉంచండి. బహిరంగంగా ఆడే జియోకేచింగ్‌లో పెట్టెల మధ్య 161 మీటర్లు ఉండాలన్నది నియమం, అంటే మైలులో పదో వంతు. మరీ దగ్గరగా ఉంటే పరికరం తప్పు ఒక మజిలీ జాడను మరొక దానితో కలిపేస్తుంది. మొత్తం నడక ఎనిమిది, పదేళ్లవారికి ఒకటిన్నర కిలోమీటరు మించకపోతే మంచిది. పదకొండు నుంచి పద్నాలుగేళ్లవారికి రెండు, మూడు కిలోమీటర్లు, ఆపైవారికి నాలుగైదు. ఒక్కో మజిలీకి, నడకతో కలిపి, పదిహేను నిమిషాలు లెక్కవేయండి.

చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు, త్వరగా అలిసిపోయే పిల్లలు ఉంటే దారిని మొదటి నుంచే వాళ్లతో సహా ఆలోచించి గీయండి. జియోకేచింగ్‌లో నేల కష్టాన్ని 1 నుంచి 5 దాకా అంకెలతో సూచిస్తారు. 1 అంటే చక్రాల కుర్చీ వెళ్లగల నేల. అందరూ అన్ని మజిలీలకూ వెళ్లగలగాలి. "నువ్వు ఇక్కడ ఉండు, మేం చూసి వస్తాం" అనే మాట మీ కార్యక్రమంలో వినపడకూడదు.

నాలుగో పని: పెట్టెలు

మూత గట్టిగా బిగిసే, నీరు చొరని డబ్బాలు తీసుకోండి. లోపల ఒక చిన్న సంతకాల పుస్తకం, ఒక పెన్సిలు. తడికి సిరా అలుకుతుంది, చలికి పెన్ను గడ్డకడుతుంది, పెన్సిలు ఏ వాతావరణంలోనైనా రాస్తుంది. మార్చుకోవడానికి చిన్న వస్తువులు పెడితే పాత నియమమే చెప్పండి: తీసుకున్నదానికి సమానమైనదో అంతకంటే మంచిదో పెట్టాలి. తినే వస్తువులు పెట్టవద్దు. మన ముక్కుకు అందని వాసన జంతువులకు అందుతుంది, అవి డబ్బాను కొరికి పాడుచేస్తాయి, తమ ఆరోగ్యమూ పాడుచేసుకుంటాయి. కత్తులు, అగ్గిపెట్టెలు, మందుల సంగతి వేరే చెప్పక్కరలేదు.

పాతవద్దు. గొయ్యి తీస్తే వేర్లు తెగుతాయి, వెతికేవాళ్లు కూడా నేల తవ్వడం మొదలుపెడతారు. చెట్టుకు మేకు కొట్టవద్దు.

పెట్టె ఎత్తు విషయంలో నేను ఎప్పుడూ సడలించని నియమం ఒకటుంది. ప్రతి పెట్టె మోకాలి ఎత్తుకూ, ఆ జట్టులో అందరికంటే పొట్టి బిడ్డ కంటి ఎత్తుకూ మధ్యనే, చేయి పెట్టకుండా కనిపించే చోటే ఉంటుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. "బొరియల్లో, రాళ్ల సందుల్లో, తొర్రల్లో మేం ఏదీ దాచలేదు. ఎక్కవలసిన చోటా లేదు" అని స్పష్టంగా చెప్పేస్తే పాము, తేలు భయాలు చాలావరకు తీరుతాయి. దీనివల్ల వేట తేలికైపోతుందేమో అని అనుమానం రావచ్చు. కళ్లముందున్నదాన్ని చూడలేకపోవడం ఎంత సహజమో మొదటి మజిలీలోనే తెలుస్తుంది.

ఐదో పని: జట్లు

ఒక పరికరానికి ముగ్గురు లేదా నలుగురు, మించి వద్దు. ఐదో బిడ్డకు పని ఉండదు, పని లేని బిడ్డ రాళ్లు విసరడం మొదలుపెడతాడు. ప్రతి జట్టుతో ఒక పెద్దవారు ఉండాలి, కానీ వాళ్లు వెనక నడవాలి.

నాలుగు పనులు పంచండి: పరికరం పట్టుకుని దారి చూపేవారు, చుట్టూ చూస్తూ కాలి కింద ఏముందో హెచ్చరించేవారు, కాగితం మీద రాసేవారు, సమయం, నీళ్లు చూసుకునేవారు. ప్రతి మజిలీలోనూ పనులు మారాలి. ఈ మార్పిడిని కచ్చితంగా అమలు చేయండి. లేకపోతే ఫోను అందరికంటే గట్టిగా మాట్లాడే బిడ్డ చేతిలోనే సాయంత్రం దాకా ఉండిపోతుంది. ఎవరితోనూ మాట్లాడని పిల్ల ఒకసారి మా బృందానికి వచ్చింది. దారి చూపే వంతు వచ్చినప్పుడు గొంతు పెగలక చేత్తో మాత్రం చూపించింది. ఐదో మజిలీ దగ్గర "ఆగండి, ఇక్కడే ఉంది" అని అరిచింది. అదే ఆ రోజు మేం విన్న ఆమె మొదటి మాట. వంతులు లేకపోతే ఆ మాట మేం వినేవాళ్లం కాదు.

ఆరో పని: ముందుగా మైదానంలో సాధన

వేటకు ముందు అరగంట ఖాళీ మైదానంలో గడపండి. మొదట తాడు ఆట. ముగ్గురు పిల్లలు ఉపగ్రహాల్లా మూడు మూలల్లో నిలబడాలి. మీరు లోపల ఎక్కడో ఒకచోట నిలబడి, ఒక్కొక్కరి నుంచి మీ దాకా తాడు లాగి కొలిచి, ఆ చోటును గుర్తుంచుకుని పక్కకు తప్పుకోండి. ఇప్పుడు పిల్లలు ఒక తాడును చాచి వలయంలా తిప్పితే మీరు ఆ వలయం మీద ఎక్కడైనా ఉండి ఉండవచ్చు. రెండు వలయాలు రెండు చోట్ల కలుస్తాయి. మూడోది వచ్చేసరికి ఒక్క చోటే మిగులుతుంది. ఇది చేసి చూసిన పిల్లలకు జీపీఎస్ గురించి ఇక వేరే పాఠం అక్కరలేదు.

తర్వాత జెండాల ఆట. అన్ని జట్లకూ ఒకే చోటు అంకెలు ఇచ్చి, పరికరం చెప్పిన చోట చిన్న జెండా పాతమనండి. ఆరు జెండాలు ఆరు చోట్ల నిలుస్తాయి. వాటి మధ్య దూరాన్ని అడుగులతో కొలిపించండి. "ఎవరిది తప్పు?" అని వాళ్లే అడుగుతారు. ఎవరిదీ కాదు, పరికరం చెప్పగలిగింది అంతే. ఆ జెండాలన్నిటినీ చుట్టి ఒక వలయం గీసి, వేటలో పెట్టె ఇంత వలయంలో ఎక్కడైనా ఉంటుందని చెప్పండి. ఇక్కడే మరో అలవాటు నేర్పండి. దూరం 5 మీటర్లు అని చూపగానే ఫోను జేబులో పెట్టేయాలి. అంత దగ్గరలో బాణం అటూ ఇటూ తిరగడం సహజం, దాన్ని పట్టుకుని తిరిగితే కాళ్లు అలుస్తాయి తప్ప పెట్టె దొరకదు.

ఫోన్లకు సంబంధించి నాలుగు జాగ్రత్తలు. మ్యాపును ముందురోజే దించి పెట్టండి. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్ఆండ్ వంటి మ్యాపు యాప్‌లు నెట్ లేకుండా పనిచేస్తాయి. జీపీఎస్ సంకేతాన్ని ఫోను కేవలం వింటుంది, ఏమీ పంపదు కనుక సిమ్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, కాకపోతే మొదటిసారి చోటు పట్టడానికి కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు. బయల్దేరే ముందే ఆకాశం కింద పెట్టి పట్టించండి. అయస్కాంతం ఉన్న కవర్లు తీసేయించండి, అవి దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి. జీపీఎస్, వెలుగుతున్న తెర కలిసి బ్యాటరీని త్వరగా తాగేస్తాయి కనుక రెండు జట్లకు ఒక పవర్ బ్యాంకు చొప్పున పెద్దవారి సంచిలో ఉండాలి.

ఆ రోజు

తెల్లవారగానే ఒకరు మార్గమంతా నడిచి, పెట్టెలు పెట్టి, కొత్తగా విరిగిపడ్డ కొమ్మలూ కందిరీగల తుట్టెలూ ఉన్నాయేమో చూసి రావాలి. పిల్లలు చేరాక హద్దులు, తిరిగి రావలసిన సమయం, కలుసుకునే చోటు చెప్పండి. ఆ కలుసుకునే చోటునే ప్రతి పరికరంలోనూ మొదటి గుర్తుగా వాళ్ల చేతనే నమోదు చేయించండి. దారి తప్పినా ఆ గుర్తు వాళ్లను వెనక్కు తీసుకొస్తుంది.

ప్రతి బిడ్డ మెడలో ఒక విజిల్ ఉండాలి. మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం, సరదాకు మూడుసార్లు ఊదకూడదు. తప్పిపోయానని అనిపించిన వెంటనే ఆగిపోవాలి, ఉన్నచోటే ఉండి ఊదాలి. అక్షాంశ రేఖాంశాలను ఫోనులో ఎదుటివారికి తప్పు లేకుండా చదివి వినిపించడం కూడా ఇక్కడే సాధన చేయించండి. ఒకరు చదవాలి, మరొకరు రాసుకుని తిరిగి చదవాలి. నిజమైన ఆపదలో రక్షణ బృందాలకు అవే అంకెలు చెప్పవలసి వస్తుంది. ఆట పేరుతో ఈ నేర్పు వచ్చేస్తుంది, అందుకే నాకు ఈ కార్యక్రమం అంటే ఇంత ఇష్టం. ఉరుము వినపడితే వేట ఆపి అందరినీ భవనంలోకో వాహనంలోకో చేర్చండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తేనే మళ్లీ బయటికి.

జట్లు బయల్దేరాక మీకు అన్నిటికంటే కష్టమైన పని మిగులుతుంది, చెప్పకుండా ఉండటం. పెట్టె మీకు కనిపిస్తూనే ఉంటుంది, పిల్లలు దాని పక్కనుంచే మూడుసార్లు వెళతారు. నోరు విప్పవద్దు. పది నిమిషాలు దాటాక కూడా దొరకకపోతే ప్రతి మజిలీకి ముందే రాసి పెట్టుకున్న ఆధారం చీటీ ఇవ్వండి. అది కూడా చోటును చెప్పకూడదు, చూపును మార్చాలి. "అందరూ కిందికే చూస్తున్నారు" అన్నంత ఉంటే చాలు.

వేగంగా ముగించినవారికి బహుమతి పెట్టకండి. గడియారం వచ్చిందంటే పిల్లలు పరుగెడతారు, పరుగెత్తేవాళ్లు మొక్కలు తొక్కుతారు, చిన్నవాళ్లను వెనక వదిలేస్తారు. నిధి పెట్టెలో అన్ని జట్లకూ సరిపడా ఉంచండి.

ఫోటోలు తీస్తే కెమెరాలో స్థలం నమోదు చేసే సదుపాయాన్ని ఆపేయించండి. పిల్లలు ఎక్కడెక్కడ తిరుగుతారో తెలియనివారికి చేరకూడదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ ఫోటోనూ బయట పెట్టవద్దు.

ముగిశాక

గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "ఎక్కడ చిక్కుకున్నారు, ఎలా బయటపడ్డారు?" దొరికిన పెట్టెల గురించి వాళ్లే చెప్పుకుంటారు, దాని గురించి అడగనక్కరలేదు. ఈలోగా ఒకరు మార్గమంతా తిరిగి పెట్టెలు, చీటీలు, జెండాలు లెక్కపెట్టి తెచ్చేయాలి. పెట్టినవెన్నో తెచ్చినవీ అన్నే కావాలి. నలిగిన గడ్డి ఎక్కడైనా దారిలా మారి ఉంటే ఆ మజిలీని మళ్లీసారి వాడకండి.

కొన్ని వారాల తర్వాత రెండో కార్యక్రమం పెట్టి, ఈసారి దాచే పనిని పెద్ద పిల్లలకు అప్పగించండి. ఖాళీ డబ్బాలు, పెన్సిళ్లు ఇచ్చి, చోటు ఎంచుకోవడం, కొలవడం, ప్రశ్న రాయడం అన్నీ వాళ్లకే వదిలేయండి. మోకాలికి, కంటికి మధ్య ఎత్తు అన్న నియమం ఒక్కటి మాత్రం గుర్తుచేయండి. అంకెలు మీ చేతికి ఇచ్చి వెళ్లిన కాసేపటికి వాళ్లలో ఎవరో వెనక్కు వచ్చి, "ఒకసారి ఆ కాగితం ఇవ్వండి, ఇంకోసారి కొలిచి వస్తాం" అంటారు.